లేచే యంత్రం, లేవని యంత్రం

పిల్లలూ! నాంపల్లి రైలు స్టేషనులో దిగి ఆబిడ్సుకు వెళితే, అక్కడ జగదీశ్ మార్కెటు వుంది. సెల్‌ఫోనులు అమ్మేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ అక్కడ బారులు తీరి వుంటారు. బొత్తిగా చెడిన ఫోనును చూచి మెకానిక్కు బెదరడు. “ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదండీ!” అంటేనే తల గోక్కుంటాడు. ఎందుకంటే, దుకాణానికి తెచ్చేసరికి అది చక్కగా లేచి కూచుంటుంది!

ఫోనే కాదు, మీరు సైన్సు ప్రదర్శనకు చేసే బొమ్మ కారు కూడా ఇలాగే ఏడిపించవచ్చు. అందులో మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు వుంటుంది. అది ఎలా నిద్ర లేస్తుందో ముందు తెలుసుకుందాం.

బడిలో గంట కొట్టగానే ప్రార్థన మొదలుకాదు గదా? పిల్లలంతా వరుసల్లో నిలబడేదాకా డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తి ఆపుతారు. చిప్పులో ఆ పని చేసేది రీసెట్. స్విచ్చి వెయ్యగానే 5 వోల్టులు ఒక్కసారిగా రావు; సున్న నుంచి పైకి ఎక్కుతాయి. చాలినంత వోల్టేజి వచ్చేదాకా రీసెట్ చిప్పును ఆపాలి. ముందే వదిలితే చిప్పు తప్పటడుగు వేసి బిగుసుకుపోవచ్చు. దీనికోసం కొన్ని బోర్డులలో 10,000 ఓముల రెసిస్టరునూ, 0.1 మైక్రోఫారడు కెపాసిటరునూ జతచేస్తారు. ఈ రెంటినీ గుణిస్తే సెకనులో వెయ్యోవంతు వస్తుంది. మాస్టారు చెయ్యెత్తి వుంచేది సుమారు అంతసేపే! వోల్టేజి అంతకంటె బాగా నెమ్మదిగా ఎక్కితే చిక్కే.

మరి లోపం పట్టటం ఎలా? ఒక నోటు పుస్తకం తీసుకోండి. 50 సార్లు ఆర్పి, వెలిగించి, ఎన్నిసార్లు లేవలేదో రాయండి. తరువాత ఈ ప్రశ్నలు వేసుకోండి:

రీసెట్ మీట నొక్కితే లేచిందా? అయితే చిప్పు బాగానే వుంది. మొదటి క్షణాన్నే అనుమానించాలి.

ఆర్పిన వెంటనే వెలిగిస్తేనే మొరాయిస్తుందా? కెపాసిటర్లలో పాత విద్యుత్తు మిగిలి, వోల్టేజి సున్నకు దిగి వుండదు. 1 నిమిషం ఆగి చూడండి.

మోటారు విప్పితే ప్రతిసారీ లేస్తుందా? మోటారు కదలబోయేటప్పుడు ఎక్కువ విద్యుత్తు లాగి, వోల్టేజిని కుంగదీస్తోందన్నమాట.

చలి వేళల్లోనే లేవదా? పాతబడిన ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరు కావచ్చు.

తీగ కదిపితే లేస్తుందా? అతుకు సరిగా పడలేదు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే, ఏది మందో తెలియదు. బాగయిందనుకున్నాక, తీసిన భాగాన్ని మళ్ళీ పెట్టి చూడండి. లోపం తిరిగి వస్తే దొంగ దొరికినట్టే! అప్పుడు కొత్త భాగం వేసి, మళ్ళీ 50 సార్లు పరీక్షించండి.

ఈ ప్రయోగాలన్నీ బ్యాటరీతో నడిచే వాటిమీదనే సుమా! ఇంటి కరెంటు 230 వోల్టులు. దానికి తగిలించిన యంత్రాన్ని విప్పకూడదు.

నాంపల్లికి దగ్గరలోనే నీలోఫర్ పిల్లల ఆసుపత్రి వుంది. అటువంటి చోట పసికందును వెచ్చగా వుంచే యంత్రం, కరెంటు పోయి వచ్చినప్పుడు “ఒక్కోసారి” లేస్తే చాలునా? ప్రతిసారీ లేవాలి. కనక ఒకసారి లేవగానే “బాగయింది” అనకండి. ఎందుకు లేవలేదో చెప్పగలిగినప్పుడే ఆ మాట అనండి.