మధ్యవర్తి సర్వర్, విడివిడి సేవలు

ఒక కర్మాగారంలో జీతాలకు ఒక ప్రోగ్రాం, సరుకు నిల్వలకు ఒకటి, అమ్మకాలకు మరొకటి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో భాషలో రాసినది. అలాంటివి 6 ఉన్నాయనుకుందాం. ప్రతిదీ మిగిలిన వాటన్నిటితో నేరుగా మాట్లాడాలంటే 15 లంకెలు కావాలి. 10 ఉంటే 45! మధ్యలో ఒక దుబాసీని కూర్చోబెడితే, ప్రోగ్రాంకు ఒక లంకె చొప్పున సరిపోతుంది. ఆ దుబాసీయే ఇంటిగ్రేషన్ సర్వర్. ఒకరి సమాచారాన్ని మరొకరికి అర్థమయ్యే రూపంలోకి మార్చడం, చేరవలసిన చోటికి చేర్చడం దాని పని.

చిక్కేమిటంటే, ఈ లంకెలన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి. జీతాల లంకెలో తప్పు దొర్లి అది మెమరీ అంతా మింగేస్తే, ఏ పాపమూ ఎరుగని అమ్మకాల లంకె కూడా ఆగిపోతుంది. రద్దీ ఒక్క లంకెకే పెరిగినా సర్వర్ మొత్తానికీ మరో నకలు పెట్టాలి.

మైక్రోసర్వీసుల పద్ధతిలో ఒక్కో సేవకు దాని సొంత రన్‌టైమ్ ఉంటుంది. ప్రోగ్రాం నడవడానికి కావలసిన వాతావరణమే రన్‌టైమ్. సేవనూ దానినీ కలిపి కంటైనర్ అనే మూటగా కడతారు. 2013లో డాకర్ వచ్చాక ఈ పని సులువైంది.

విశేషమేమంటే, వెబ్‌మెథడ్స్ అనే ఉత్పత్తిలో పాత ఇంటిగ్రేషన్ సర్వర్ కోసం రాసిన సేవలు కొత్త మైక్రోసర్వీసుల రన్‌టైమ్‌లోనూ నడుస్తాయి. అంటే అసలు తేడా ఇంజనులో కన్నా దాన్ని పోషించే తీరులో ఉందన్నమాట. పాత సర్వర్‌ను ఏళ్ల తరబడి అదే యంత్రం మీద మరమ్మతులు చేస్తూ కాపాడుకుంటారు. కంటైనర్‌కు మరమ్మతు ఉండదు. పాతది పారేసి, సరిచేసిన కొత్త మూటను దింపుతారు. అందుకే డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ వంటివి మూటలో పెట్టరు, బయటి నుంచి అందిస్తారు. నా దృష్టిలో విద్యార్థులు మొదట పట్టుకోవలసిన విషయం ఇదే.

అయితే ఈ విభజన ఉచితంగా రాదు. ఒకే ప్రోగ్రాం లోపల ఒక భాగం మరొక భాగాన్ని పిలవడానికి సెకనులో కోట్ల వంతు కాలం చాలు. అదే పిలుపు నెట్‌వర్క్ దాటి వెళ్లాలంటే వేల రెట్లు ఎక్కువ పడుతుంది; పైగా దారిలో తప్పిపోవచ్చు కూడా. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసార నాణ్యతను పరీక్షించే బృందం తన పనిని చిన్న భాగాలుగా విడగొట్టి నడిపింది. వీడియో చిత్రాలను ఒక భాగం నిల్వలో ఉంచడం, మరొకటి తీసుకోవడం ఖరీదైపోయింది. ఆ భాగాలను తిరిగి ఒకే ప్రోగ్రాంగా కలిపితే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని ఆ బృందం 2023లో వెల్లడించింది.