యార్క్ నగరంలో మేము చూచినవి

ప్రభువు కృపను బట్టి ఈమధ్య ఒక మార్చి నెలలో మేము దంపతులముగా ఇంగ్లండులోని యార్క్ నగరాన్ని దర్శించగలిగాము. లండన్ నుండి రైలులో రెండు గంటల ప్రయాణం. స్టేషను బయటకు రాగానే ఎదురుగా రాతి ప్రాకారం కనబడింది. ప్రాకారములను గూర్చి బైబిలులో ఎన్నిసార్లు చదివామో గాని, ఒక పట్టణపు గోడమీద నడవడం మాకు అదే మొదటిసారి. మా శ్రీమతి చీరమీద రెండు స్వెట్టర్లు వేసుకొని, అయినా వణుకుతూనే నడిచారు.

క్రీ.శ. 71లో రోమీయులు కోట కట్టిన స్థలమిది. క్రైస్తవులమీద హింస ఆగడానికి తరువాత కారకుడైన కాన్‌స్టంటైన్‌ను 306లో సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఇక్కడే. 627లో ఈస్టరు దినమున ఎడ్విన్ రాజు బాప్తిస్మము పొందినదీ ఇక్కడే. అందుకై కట్టిన చిన్న చెక్క గుడితో మొదలైన సంఘానికి నేడు యార్క్ మిన్‌స్టర్ అనే మహాదేవాలయం ఉంది. ఇప్పుడున్న కట్టడాన్ని 1220 ప్రాంతంలో ఆరంభించి 1472లో ప్రతిష్ఠించారు. మన మందిరాల పని అయిదేళ్లు ఆలస్యమైతే కమిటీలో ఎన్ని మాటలు వస్తాయో పాఠకులకు తెలియనిది కాదు!

దాని తూర్పు కిటికీ దాదాపు టెన్నిస్ మైదానమంత ఉంటుంది. 1405 నుండి 1408 వరకు జాన్ థార్న్‌టన్ అనే పనివాడు రంగు అద్దాలతో దీనిని చేశాడు. పై వరుసలలో ఆదికాండములోని సృష్టి, క్రింద ప్రకటన గ్రంథములోని దర్శనాలు. చదువురాని విశ్వాసికి అదే బైబిలు. మెడలు నొప్పి పుట్టేవరకు చూచాము.

మధ్యాహ్నం, పూర్వం కసాయివారి దుకాణాలుండిన షాంబుల్స్ అనే ఇరుకు వీధి చూచుకొని, క్లిఫర్డ్ టవర్ దగ్గరకు వెళ్లాము. పచ్చని దిబ్బ, దానిమీద రాతి కోట, దిబ్బ నిండా పసుపుపచ్చని డాఫొడిల్ పూలు. ఫోటోకు మంచి చోటని నిలబడ్డాము. అప్పుడు దిబ్బ అడుగున ఒక ఫలకం కనబడింది.

ఆ ఫలకం 1978లో పెట్టినది. అది చెప్పే సంగతి 1190 మార్చి 16వ తేదీది. యెరూషలేము కొరకు యుద్ధయాత్రకు సైన్యం సిద్ధమవుతున్న రోజులవి. యూదులకు బాకీపడిన కొందరు భూస్వాములు జనాన్ని రెచ్చగొట్టారు. సుమారు 150 మంది యూదులు, పిల్లాపాపలతో, అప్పుడిక్కడ ఉన్న చెక్క కోటలో తలదాచుకొన్నారు. పస్కాకు ముందటి విశ్రాంతి దినమది. గుంపు చుట్టుముట్టింది. విశ్వాసాన్ని వదలుకోవడం కంటె చావే మేలని, తండ్రులు తమ చేతులతోనే భార్యాపిల్లలను చంపి తామూ చనిపోయారు. కోట కాలిపోయింది. బాప్తిస్మము పొందితే విడిచిపెడతామన్న మాట నమ్మి మిగిలిన కొద్దిమంది బయటకు వచ్చారు. వారినీ చంపారు.

అటుపిమ్మట ఆ గుంపు ఎక్కడికి వెళ్లిందనుకొన్నారు? మిన్‌స్టర్‌కే. అప్పు పత్రాలు అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. వాటిని గుడిలోనే తగులబెట్టారు. అప్పటి కట్టడం వేరు, స్థలం అదే.

ఈ సేవలో ఎందరినో నీళ్లలోకి దింపి, చేయిపట్టి పైకి లేపాము. ఆ మాటను ఎరగా వేసి మనుష్యులను చంపారన్నది మేము చదివిన వేదాంత పాఠాలలో ఎక్కడా లేదు. ఉండవలసినది. ఫలకంమీద హెబ్రీ అక్షరాలలో యెషయా 42వ అధ్యాయం 12వ వచనం ఉంది. ఆ అక్షరాలు చదవలేక, చేతిసంచిలోని తెలుగు బైబిలు తీసి చూచుకొన్నాము. ఫోటో తీయలేదు.

సాయంకాలం మిన్‌స్టర్‌లో ప్రార్థనకు మళ్లీ వెళ్లాము. వెళ్లాలా అని కాసేపు ఆలోచించిన మాట నిజమే. గాయకబృందం కీర్తన ఎత్తుకొన్నది. మా శ్రీమతి మెల్లగా, "ఇది వాళ్ల పాటే కదండీ," అన్నారు. అవునని తల ఊపాము.