కాపలాదారు పోలీసు కాడు

సాయంత్రం పని ముగించుకొని పత్తి మిల్లు నుంచో, విత్తనాల గోదాము నుంచో ఇంటికి బయలుదేరిన కూలీని గేటు దగ్గర ఆపి, “సంచి విప్పు” అంటాడు కాపలాదారు. విప్పి తీరాలా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో కూలికి వెళ్ళేవారు, కాపలాకు వెళ్ళేవారు ఉభయులూ తెలుసుకోవలసిన విషయమిది.

ఇతరుల సంచీ, జేబులూ బలవంతంగా సోదా చేసే అధికారం ప్రైవేటు కాపలాదారుకు లేదు. అతడు అడగవచ్చును. కూలీ ఇష్టపడి చూపితే చూడవచ్చును. వద్దంటే లాక్కోరాదు. అయితే స్థలం యజమానిది గనుక, సంచి చూపనివారిని లోపలికి రానివ్వకపోవచ్చును. ఆడవారి ఒంటిమీద మగ కాపలాదారు చేయి వేయడానికి ఎంతమాత్రం వీల్లేదు.

మరి దొంగను పట్టుకోకూడదా? పట్టుకోవచ్చును. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కు లేని నేరం కళ్ళెదుట జరిగితే మామూలు మనిషి కూడా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను చెబుతోంది. ఇది 2024 జూలై 1 నుంచి అమలులో వుంది. అయితే ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. ఒట్టి అనుమానం చాలదు.

గదిలో పెట్టి తాళం వేస్తే అది అక్రమ నిర్బంధం. ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. చెట్టుకు కట్టి కొడితే కేసు ఇంకా పెద్దది. కేరళలోని అట్టపాడిలో 2018లో బియ్యం దొంగిలించాడని ఒక గిరిజన యువకుణ్ణి చేతులు కట్టి కొట్టగా అతడు మరణించాడు. 2023లో కోర్టు 13 మందికి ఏడేళ్ళ కఠిన శిక్ష విధించింది.

పాలమూరు పల్లెల నుంచి హైదరాబాదుకు వాచ్‌మన్ పనికి వెళ్ళినవారెందరో వున్నారు. “యజమాని కొట్టమన్నాడు, కొట్టాను” అంటే కోర్టులో చెల్లదని వారు గుర్తుంచుకోవాలి. ఏజెన్సీ ద్వారా పనిలో చేరేవారికి 2005 నాటి చట్టం ప్రకారం శిక్షణ, ఫోటో గుర్తింపు కార్డు వుండాలి. ఏజెన్సీకి లైసెన్సు వుండాలి. పోలీసు దుస్తులను పోలిన యూనిఫారం తొడగరాదు.

గేటు దగ్గర గొడవ వస్తే ఉభయులకూ దారి ఒకటే. చేయి చేసుకోకుండా 112కు ఫోను చేయాలి.