కాగితం గుజ్జు

చాటకు సందులు పడితే ఏం చేస్తారు? పాత కాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో రుబ్బి పూస్తారు. మెంతుల జిగురు, కాగితంలోని నార కలిసి సందులు పూడుస్తాయి.

కాగితంలోకి నార ఎలా వచ్చింది? చెట్టునుంచి. రాజమండ్రి కాగితం మిల్లుకు సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కర్ర వెళుతుంది. కర్రలోనూ నార, జిగురు ఉంటాయి. కర్రను ముక్కలు కొట్టి మందునీళ్లలో ఉడికిస్తే జిగురు కరుగుతుంది. నార విడిపోయి గుజ్జవుతుంది. ఆ గుజ్జును కడిగి, జల్లెడమీద పలుచగా పరిచి, నొక్కి ఆరబెడితే కాగితం!

గోగునారతో, వరిగడ్డితో కూడా చేయొచ్చు. నాదెండ్ల చేలల్లో పత్తి పండుతుంది కదా, మన నోట్లు పత్తి కాగితమే. కొంగున ముడేసినా తొందరగా చిరగవు.

పాత కాగితాన్ని నానేసి చిలికితే చాలు, మళ్లీ గుజ్జే. చెట్టు కొట్టే పని తగ్గుతుంది. పిల్లల పాత పుస్తకాలు పొయ్యిలో పెట్టకండి. తడవకుండా దాచి అమ్మండి. కాటామీద అంకె మీరే చదవండి.