బళ్లారి కోటా, పక్క కొండా

బళ్లారి సత్యనారాయణపేటలో ఎవరిని కదిపినా కోట కథ ఒకటే చెబుతారు. మైసూరు పాలకుడు హైదరాలీ ఫ్రెంచి ఇంజనీరు చేత కోట కట్టించాడట. తీరా కట్టాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ అనే కొండ కోటకంటే ఎత్తు. దాని మీద ఫిరంగి పెడితే చాలు, కోట పని అయిపోయినట్టే. ఆ కోపంతో ఇంజనీరును తూర్పు దర్వాజా దగ్గరే ఉరి తీయించాడంటారు. నాకైతే ఈ ఉరి సంగతి నమ్మబుద్ధి కాదు. ఆ కొండ మీదా నాలుగు ఫిరంగులు పెట్టుకుంటే పోయేదిగా?

కథ మాటెలా ఉన్నా అందులోని ఫిరంగి లెక్క నిజం. అప్పటి గుండు దాదాపు తిన్నగా పోయేది. కింది నుంచి కొడితే గోడకు తగిలి ఆగిపోతుంది, వెనకున్న సిపాయి భద్రం. పక్క కొండెక్కితే మందుకొట్టు, నీళ్లగుంట, మనిషి అన్నీ కంటపడతాయి. చిక్కల్లా ఫిరంగిని పైకి చేర్చడంలోనే. బండి ఎక్కని చోట ఎద్దులు, ఏనుగులు, మోకులు, మనుషుల భుజాలే దిక్కు. మరో వందేళ్లకు, 1879లో, బ్రిటిష్ సైన్యం రెండు ముక్కల గొట్టాన్ని కంచరగాడిదల మీద మోసుకెళ్లి పైన మరతో బిగించే ఫిరంగి తెచ్చింది. 1942లో జనరల్ రుడాల్ఫ్ కాన్రాడ్ నడిపిన జర్మన్ కొండ దళాలు కాకసస్ పర్వతాలు ఎక్కేనాటికి వాళ్ల 7.5 సెంటీమీటర్ల ఫిరంగి 750 కిలోలు. దాన్ని ఎనిమిది మోపులుగా విడదీసేవారు.

బళ్లారి బండతో నిజంగా తలపడిన ఫ్రెంచివాడు లాలీ. హైదరాబాదు నిజాం అలీ సోదరుడు, ఆదోని పాలకుడు బసాలత్ జంగ్ కొలువులో సేనాని. 1775 ప్రాంతంలో పాళెగాడు దొడ్డప్ప నాయకుడు కప్పం ఎగ్గొడితే లాలీ వచ్చి అప్పటికే ఉన్న కోటను ముట్టడించాడు. పాళెగాడు హైదరుకు కబురంపాడు. హైదరు రాజధాని శ్రీరంగపట్నం ఇక్కడికి మూడువందల కిలోమీటర్లకు పైమాటే. హైదరు ఐదు రోజుల్లో వచ్చిపడ్డాడని చరిత్రకారులు రాశారు. లాలీ ఎలాగో తప్పించుకున్నాడు. పిలిచినవాడికీ కోట దక్కలేదు, హైదరే పుచ్చుకున్నాడు. ఎత్తూ ఫిరంగీ కాదు, నడక గెలిచింది. మరుసటి ఏడు హైదరు ముట్టడిలో మరాఠా సర్దారు మురారిరావు గుత్తి కోటను పడగొట్టింది నీళ్ల కరువు.

1779లో బసాలత్ జంగ్ గుంటూరు సర్కారు విషయంలో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచివాళ్లను వదులుకున్నాడు. లాలీ తన మనుషులతో ఆ తరవాత హైదరు కొలువుకే పోయాడు, తనను బళ్లారిలో తరిమినవాడి దగ్గరికే! 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో ఇంగ్లీషువాళ్లతో పోరినప్పుడు హైదరు సైన్యంలోనే ఉన్నాడు. అక్కడ కొండా లేదు, కోటా లేదు. మందుబండ్లు పేలిపోయాక ఇంగ్లీషు కర్నల్ బెయిలీ దళం నిలవలేకపోయింది.