ఇంటి కంప్యూటర్‌కు తాళం: మనకు పనికొచ్చే ఎన్‌క్రిప్షన్ ఏది?

రెండేళ్ల కింద నా లాప్‌టాప్ స్క్రీన్ పోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి మొదట అడిగింది పాస్‌వర్డ్. చెప్పాను. దాన్ని చిన్న కాగితం మీద రాసి, టేపుతో లాప్‌టాప్ మూతకు అంటించి, పక్కనున్న దొంతర మీద పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత తెచ్చుకుని తెరిస్తే, ఇటీవల చూసిన ఫైళ్ల జాబితాలో నేను నెల రోజులుగా ముట్టుకోని ఫోల్డర్ ఒకటి కనిపించింది. అందులో ఉన్నవి నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూలు. అట్రాసిటీ కేసుల్లో సాక్షులుగా ఉన్నవాళ్ల గొంతులు, ఊళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు.

ఏ నష్టమూ జరగలేదు. స్క్రీన్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఆ అబ్బాయి ఏదో ఒకటి తెరిచి ఉంటాడు. కానీ నష్టం జరగకపోవడంలో నా జాగ్రత్త ఏమీ లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 15ఎ ప్రకారం, అవసరమైతే సాక్షుల పేర్లు, చిరునామాలు బయటివాళ్లు చూడగలిగే కోర్టు రికార్డుల్లో లేకుండా ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు. కోర్టు దాచిపెట్టగల పేర్లను నేను ఒక కాగితం ముక్కతో పాటు కౌంటర్ మీద పెట్టి వచ్చాను.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఒక్కో గదికి ముగ్గురు, నలుగురు ఉంటారు. లాప్‌టాప్ ఒకరిదైనా వాడేది అందరూ. ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల చుట్టూ తిరిగే కార్యకర్తల ఇళ్లలో ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, బాధితుల ఎఫ్ఐఆర్ కాపీలు, గాయాల ఫొటోలు, సంఘం సభ్యుల జాబితా అన్నీ ఉంటాయి. ఈ వ్యాసం వాళ్ల కోసం.

విండోస్ పాస్‌వర్డ్ చాలదా?

చాలదు. ఆ పాస్‌వర్డ్ ముందు తలుపుకు వేసిన గొళ్లెం లాంటిది. లాప్‌టాప్ వెనక స్క్రూలు విప్పి, డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. దానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. డిలీట్ చేస్తే పోతుందనుకోవడం కూడా పొరపాటే. మామూలు హార్డ్ డిస్కులో డిలీట్ చేసిన ఫైలు చాలాసార్లు అక్కడే ఉంటుంది, జాబితాలో దాని పేరు మాత్రమే పోతుంది. ఆ సంగతి మనకంటే నిఘా విభాగాలకు బాగా తెలుసు. 2024లో బయటపడిన తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసును గుర్తు తెచ్చుకోండి. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేసిన అధికారి హార్డ్ డిస్కులను ముక్కలు చేయించి మూసీలో పడేయించారని దర్యాప్తు చేసిన పోలీసులే చెప్పారు. డిలీట్ బటన్‌ను వాళ్లు నమ్మలేదన్న మాట.

ఎన్‌క్రిప్షన్ చేసే పని వేరు. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్క ప్రకారం చిందరవందర చేసి రాస్తుంది. ఆ లెక్కను వెనక్కి తిప్పే తాళంచెవి మీ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. అది లేకుండా డిస్కు విప్పినా, దొంగిలించినా, పాత సామాన్ల కింద అమ్మేసినా, కనిపించేది అర్థం లేని గీతలే.

ఏది ఎంచుకోవాలి?

తేలికగా ఉండాలి. రోజూ వాడగలగాలి. కష్టమైన తాళాన్ని మూడో రోజే తీసి పక్కన పెట్టేస్తాం. నాలుగు సందర్భాలు, నాలుగు దారులు చెబుతాను.

మొదటిది, కొత్త లాప్‌టాప్, మీరొక్కరే వాడేది. విండోస్ 11లో సెట్టింగ్స్‌కు వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉందేమో చూడండి. చాలా కొత్త మెషీన్లలో అది ఆన్ చేసే ఉంటుంది. ప్రో ఎడిషన్ అయితే ‘బిట్‌లాకర్’ ఉంటుంది. మ్యాక్‌లో దీని పేరు ‘ఫైల్‌వాల్ట్’. ఇందులో ఒక మెలిక ఉంది. విండోస్ మీకు 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. అంటే చట్టబద్ధమైన ఆదేశం వస్తే కంపెనీ దాన్ని ఇవ్వగలదు. రిపేర్ షాపు, దొంగ, ఇంట్లోవాళ్ల నుంచి కాపాడుకోవడానికి ఇది సరిపోతుంది. ఆ కీని కాగితం మీద రాసి వేరే చోట దాచుకోండి.

రెండోది, పాత లేదా సెకండ్ హ్యాండ్ మెషీన్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా పాత లాప్‌టాప్‌లు విండోస్ 11ను తీసుకోవు. అలాంటి వాటిలో ఉబుంటు లేదా లినక్స్ మింట్ వేసుకోవచ్చు, రెండూ ఉచితం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలా అని అడుగుతుంది, ఔను అనాలి. అయితే ఇన్‌స్టాల్ చేస్తే డిస్కులో పాతదంతా పోతుంది. ముందు కాపీ తీసుకోండి.

మూడోది, ఇంట్లోవాళ్లందరూ లేదా గదిలోవాళ్లందరూ వాడే కంప్యూటర్. మనలో ఎక్కువమందిది ఇదే పరిస్థితి. దీనికి నేను చెప్పేది ‘వెరాక్రిప్ట్’. 2014లో ఆగిపోయిన ‘ట్రూక్రిప్ట్’ నుంచి పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. దాని కోడ్‌ను ఎవరైనా తెరిచి పరీక్షించవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. ఇందులో ‘కంటైనర్’ అనే ఒక ఫైలు తయారు చేస్తారు. ఇంట్లో బీరువా లోపలి లాకర్ అనుకోండి. బీరువాను అందరూ తెరుస్తారు, లాకర్‌ను మీరే తెరుస్తారు. ‘క్రియేట్ వాల్యూమ్’ నొక్కి, ఎంత స్థలం కావాలో చెప్పి, పాస్‌వర్డ్ పెట్టాలి. ఆ తర్వాత దాన్ని ‘మౌంట్’ చేస్తే కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది. పని అయ్యాక తప్పకుండా మూసేయాలి. మొదటిసారి పావుగంట పడుతుంది, తర్వాత అర నిమిషం.

రెండు జాగ్రత్తలు. పెన్‌డ్రైవ్ పాత ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ కంటే పెద్ద ఫైలు అందులో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. జిరాక్స్ సెంటర్లలో, నెట్ సెంటర్లలో ఈ కంటైనర్ తెరవకండి. అక్కడి మెషీన్ మీరు కొట్టే పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకోవడం లేదని మనకు తెలియదు.

నాలుగోది, గూగుల్ డ్రైవ్‌లో పెట్టే ఫైళ్లు. వీటికి ‘క్రిప్టోమేటర్’ అనువుగా ఉంటుంది. ఫైళ్లను మీ దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసి పైకి పంపుతుంది. వకీలుకు ఒక్క ఫైలు పంపాలంటే ‘7-జిప్’ చాలు. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఫైళ్ల పేర్లను కూడా దాచే గడిలో టిక్ పెట్టండి, ఎందుకంటే ఫైలు పేరులోనే బాధితురాలి పేరు ఉంటుంది. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో పంపకండి, ఫోన్ చేసి చెప్పండి.

జైభీమ్ మన నినాదం, పాస్‌వర్డ్ కాదు

మన కార్యకర్తల పాస్‌వర్డ్ ఊహించడం కష్టం కాదు. ‘జైభీమ్’ తర్వాత 1891, లేదంటే ఏప్రిల్ 14. మనల్ని ఎరిగినవాళ్లు మొదట కొట్టి చూసేది అవే. దానికన్నా ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు తెలుగు మాటలు ఎంచుకోండి. పుస్తకం కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన మాటలు తీసుకోండి. ‘బొంగరం, రసీదు, పిడుగు, చీపురు, లాంతరు, మేనత్త’ లాంటివి. (ఇవి అచ్చయ్యాయి కాబట్టి ఇవే వాడకండి.) ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టండి, కొన్ని చోట్ల తెలుగు కీబోర్డు పనిచేయదు. మరచిపోతే మాత్రం తెరిచే దిక్కుండదు. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ అనే బటనే లేదు. ఒక కాగితం మీద రాసి, కంప్యూటర్ లేని మరో ఇంట్లో, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి.

ఈ తాళం ఆపలేనివి

2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పుణె పోలీసులు హైదరాబాద్‌లో సోదాలు చేశారు. ఇఫ్లూ ఆచార్యుడు, దళిత సాహిత్య పరిశోధకుడు కె.సత్యనారాయణ ఇంటికీ వచ్చారు. ఆయన ఆ కేసులో నిందితుడు కాదు. అయినా లాప్‌టాప్, హార్డ్ డిస్కులు పట్టుకెళ్లారు. ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇతరులు చదవడం ఆగుతుంది, కానీ మీ థీసిస్ మీకు తిరిగి రాదు. దానికి బ్యాకప్ ఒక్కటే మార్గం. ఎన్‌క్రిప్ట్ చేసిన రెండో కాపీ మరో ఇంట్లో ఉండాలి.

అదే కేసులో అరెస్టయిన రోనా విల్సన్ కంప్యూటర్‌ను అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ పరీక్షించింది. 2016 జూన్‌లో తెలిసినవారి ఖాతా నుంచి వచ్చిన మెయిల్‌లోని ఫైలు తెరవడంతో ‘నెట్‌వైర్’ అనే మాల్‌వేర్ చొరబడిందనీ, దాదాపు 22 నెలల పాటు బయటివాళ్లు ఆ కంప్యూటర్‌ను నడిపి ఉత్తరాలు చొప్పించారనీ 2021 ఫిబ్రవరిలో వెలుగుచూసిన నివేదిక చెప్పింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఆయనకు 2025 జనవరిలో గానీ బెయిల్ రాలేదు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. మీరు లాకర్ తెరిచి పనిచేస్తుండగా మాల్‌వేర్ లోపల ఉంటే, దానికీ లాకర్ తెరిచే ఉంటుంది. అనుమానం వస్తే పంపినవారికి ఫోన్ చేసి అడిగాకే ఫైలు తెరవండి.

ఖాతాల సంగతీ అంతే. 2022 మే 4న సరూర్‌నగర్‌లో మతాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని నడిరోడ్డు మీద చంపేశారు. అతనెక్కడున్నాడో అతని జీమెయిల్‌తో, ‘ఫైండ్ మై డివైస్’ ద్వారా కనిపెట్టారని పోలీసులు తెలిపారు. డిస్కుకు ఎంత తాళం వేసినా మెయిల్‌కు బలమైన పాస్‌వర్డ్, రెండంచెల తనిఖీ లేకపోతే చాలదు.

చట్టం ఏమంటుంది?

ఎన్‌క్రిప్షన్ వాడటం నేరం కాదు. అయితే ఐటీ చట్టం సెక్షన్ 69 కింద ప్రభుత్వం నియమబద్ధంగా ఆదేశిస్తే సమాచారాన్ని తెరవడంలో సహకరించాలి, నిరాకరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. నిందితుడు పాస్‌వర్డ్ చెప్పాలా అన్నదానిపై కోర్టులు భిన్నంగా స్పందించాయి. 2021లో కర్ణాటక హైకోర్టు అది స్వీయ సాక్ష్యం కిందికి రాదంది. 2022లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు బలవంతపెట్టకూడదంది. కాబట్టి అక్కడికక్కడే వాదించకుండా వకీలుకు ఫోన్ చేయండి. పరికరం తీసుకెళ్తుంటే పంచనామాలో దాని వివరాలతో పాటు ‘హ్యాష్ వ్యాల్యూ’ రాయమని అడగండి. డిస్కుకు అది వేలిముద్ర లాంటిది. తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 2023లో సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలోనూ హ్యాష్ విలువ రాయాలి.

నా లాప్‌టాప్ ఈ మధ్య మళ్లీ రిపేరుకు వెళ్లింది. కౌంటర్ దగ్గర మళ్లీ పాస్‌వర్డ్ అడిగారు, మళ్లీ చెప్పాను. ఈసారి ఇంటర్వ్యూలు లాకర్‌లో ఉన్నాయి. మనల్ని నమ్మి నోరు విప్పినవాళ్ల పేర్లు వాళ్లవి, మన దగ్గర దాచుకున్నవి మాత్రమే. ఈ ఆదివారం ఒక గంట తీసుకుని మీ కంప్యూటర్‌లో ఆ పని చేయండి. వచ్చే ఆదివారం మీ గదిలోని మిత్రుడికి నేర్పండి.