ఆశ్రమ పాఠశాలలో చివరి వారములు

చదువుకై భాష తెలియని చోటికి పోవుటకు సముద్రము దాటనక్కరలేదు. అరకులోయ కొండపల్లెలనుండి ఆశ్రమ పాఠశాలకు వచ్చు పిల్లలలో పలువురకు తొలుత తెలుగే పరభాష. కోటియాల యింట ఆదివాసీ ఒరియా, కోదుల యింట కువి, గదబలలో కొందరి యింట గుతోబ్ వినవచ్చును. మొదటిది హిందీకి చుట్టము, రెండవది మన తెలుగునకు చుట్టము, మూడవది ముండా భాషలలోనిది. ఇంత చిన్న లోయలో మూడు భాషాకుటుంబములు!

ఈ చిక్కు నెరిగియే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొన్ని బడులలో కువి, ఆదివాసీ ఒరియా మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో చదువు మొదలిడినది. వాచకములు తెలుగు లిపిలో అచ్చయినవి. అవి చిన్న తరగతులకే.

పదవ తరగతి విద్యార్థికి చివరి వారములే కష్టము. మార్చి, ఏప్రిల్ నెలలలో పరీక్షలు. చైత్రమాసమున ఇటుకల పండుగ. ఊరిలో విత్తనములకు పూజ జరుగును. మగవారు వేటకు పోవుట ఆచారము. స్త్రీలు దారికి కర్ర అడ్డుపెట్టి బాటసారులను డబ్బులడుగుదురు. రాత్రివేళ తుడుము, డప్పు, మోరి మ్రోగగా ఒకరి వీపు వెనుక నొకరు చేతులు పెనవేసికొని థింసా ఆడుదురు. ఊరు దగ్గరిదైనచో ఆ మ్రోత వసతిగృహపు కిటికీవరకు వచ్చును. లోపల బాలుడు త్రికోణమితి సూత్రములు వల్లించుచుండును. పండుగకు కొడుకును పంపుమని తండ్రి వచ్చి యడిగినచో ఉపాధ్యాయుడేమి చెప్పగలడు? పంపినచో పరీక్ష పోవునేమో. పంపకున్నచో ఆ యేటి పండుగ మరల రాదు.

పరీక్షలు ముగిసినవి. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని బాలుడు ఇల్లు చేరును. తిన్నావా యని అవ్వ యడుగును. జవాబు తెలుగులో వచ్చును. అవ్వ నవ్వును. వాడు నాలుక కరచుకొని, ఆ మాటనే ఇంటి భాషలో మరల చెప్పును.